ఎంగిలి చాటింపు

నిన్న ప్రొద్దుటూరులో మా వీధి చివరి సర్కారు బడికి సున్నం కొట్టారు. పొద్దున్నే కిటికీ తెరిచేసరికి ఆ తడి సున్నపు వాసన బంధువులాగా లోపలికి వచ్చి, కాఫీ అడక్కుండానే నా పక్కన కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి చదివే బడి నుంచి ఫోనుకు కబురు వచ్చింది: సెలవులు అయిపోయాయి, ఫలానా రోజు బడి తెరుస్తాం, తల్లిదండ్రులు గమనించగలరు, కింద నవ్వుతున్న పెన్సిలు బొమ్మ. ఆ కబురు ఎవరి ఫోనుకు ముందు వచ్చింది, ఎవరి ఫోనుకు వెనక వచ్చింది అని అడిగినవాడు ఊరు మొత్తం మీద ఒక్కడూ లేడు. నేను పుట్టిన ఊళ్ళో అయితే ఈపాటికి రెండు తలకాయలు పగిలి, మూడోది వరసలో నిలబడి ఉండేది.

ముందే ఒప్పుకుంటాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు లేదు. పెరట్లో కొండచిలువ దూరిందని నేను కేక పెడితే మా ఆవిడ నిదానంగా చీపురు తెచ్చి వానపామును ఊడ్చి అవతల పారేస్తుంది. కాబట్టి ఈ రాతలో పులి కనబడితే పిల్లి అనుకోండి, పిల్లి కనబడితే అది కూడా మా ఇంట్లో ఉండేదో లేదో నాకే అనుమానం అనుకోండి. ఎక్కడెక్కడ ఎంత ఊదానో మీరు లెక్క కట్టక్కర్లేదు, అయిపోయాక నేనే చెబుతాను.

మా ఊరు పులివెందుల నుంచి లింగాల పోయే దిక్కున ఉంది. పేరు చెప్పను. చెబితే రెండు వీధులవాళ్ళూ కలిసి మా ఇంటికి వస్తారు, ఎవర్ని ముందు కూర్చోమనాలో నాకు తెలియదు. ఊరికి రెండే వీధులు, మీది వీధి, కింది వీధి. మీది వీధికి ఒక పెద్దాయన, కింది వీధికి ఒక పెద్దాయన. ఒకరిది ఈ పార్టీ, ఇంకొకరిది ఆ పార్టీ. ఎన్నికలకు ముందర ఇద్దరూ పార్టీలైతే మార్చుకున్నారు గానీ పగ మాత్రం మార్చుకోలేదు. గొర్లు మేపుకుంటూ నాలుగెకరాల మెట్టలో శనక్కాయ వేసుకునే మా ఇల్లు మీది వీధిలో ఉంది గనక, నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడే నా పార్టీ నిర్ణయమైపోయింది. టీ హోటళ్ళు రెండు, మంగళ్ళు ఇద్దరు, భజన మందిరాలు రెండు. పెద్దలకు పిండం పెడితే కింది వీధి కాకి మీది వీధి ముద్ద ముట్టేది కాదు. అంత విభజన జరిగినా ఊరికి ఒక్కటిగానే మిగిలినవి నాలుగు: బడి, బోరింగు, ఎండ, చెన్నప్ప.

ఎండ గురించి చెప్పకపోతే మా ఊరికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. మే నెలలో మిద్దె మీద జొన్నలు ఆరబోస్తే సాయంత్రానికి పేలాలు ఎత్తుకొని దిగేవాళ్ళం. బావిలోకి దూకిన పిల్లలు స్నానం చేసి రావాల్సింది పోయి ఉడికి వచ్చేవాళ్ళు. చీనీ తోటల్లో బత్తాయి కాయలు కొమ్మకే వాడి, వాటి తొక్క గిల్లితే వచ్చే ఆ ఘాటైన తియ్యటి వాసన వేళ్ళకు పట్టుకొని మూడు రోజులు వదిలేది కాదు. దొంగతనం చేసినవాణ్ణి పట్టుకోవడానికి తోట కావలివాడు మా వేళ్ళు వాసన చూసేవాడు. రాగి సంగటిలో ఊరిబిండి నంజుకొని, మజ్జిగ గుటగుటా తాగి, మధ్యాహ్నమంతా గొర్ల దొడ్డి నీడలో పడుకుంటే, ఆ గొర్రె బొచ్చు వాసన, ఎండు శనగకట్టె వాసన, అమ్మ విత్తనాలకు వలిచే శనక్కాయల పొట్టు ధూళి, మూడూ కలిసి ముక్కుల్లో ఒక ఊరు కట్టుకునేవి.

బడి రెండు వీధుల మధ్యన, ఎవరిదీ కాని జాగాలో ఉండేది. ఏడో తరగతి దాకే. దాని గోడకు నాటుబాంబులు తగిలి పడిన గుంతల్లో మేము సుద్దముక్కలు దాచుకునేవాళ్ళం. ఎండాకాలం సెలవులివ్వగానే పోలీసులు దిగేవాళ్ళు. మిగతా ఊళ్ళలో ఎండాకాలం బళ్ళు మూతపడితే మా ఊళ్ళో బడి ఠాణా అయ్యేది. కిటికీలకు ఖాకీ నిక్కర్లు ఆరేవి. నల్లబల్ల మీద పేకాట ఆటగాళ్ళ పేర్లు, వాటికింద గీతలు. జూన్లో బడి తెరవాలంటే ముందు ఊరు చల్లబడాలి, ఊరు చల్లబడితే పోలీసులు పోతారు, పోలీసులు పోతే సున్నం కొడతారు, సున్నం ఆరితే మేము పోతాం. అందుకని దేవుడికి మేము మొక్కుకున్న మొక్కులు ఇక్కడ రాయదగ్గవి కావు. సెలవులు పొడిగించడానికి ఒక్క చిన్న బాంబు చాలు, ఎవరికీ తగలక్కర్లేదు స్వామీ అని మాత్రం మనుషులుగానే అడిగేవాళ్ళం.

హెడ్మాస్టరు శేషయ్య సారుది ప్రొద్దుటూరులో బట్టల అంగడి కుటుంబం. ఆయన నడిచినా గజం బద్ద పెట్టి కొలిచినట్టు నడిచేవాడు. ఈ వీధిలో ఒక నమస్కారం పెడితే ఆ వీధిలో ఒకటి పెట్టాలి, ఈ హోటల్లో ఉగ్గాని తింటే ఆ హోటల్లో బజ్జీ తినాలి, పాపం ఆ న్యాయానికి ఆయన కడుపు ఎప్పుడూ చెడిపోయి ఉండేది. చాటింపుకు వంతు అనేది పెట్టింది ఆయనే. పరీక్షా ఫలితాలు, పుస్తకాలు రావడం, బడి తెరవడం, ఏ కబురైనా సరే తప్పెట కొట్టి చెప్పేవాడు చెన్నప్ప. ఒకసారి మీది వీధిలో మొదలుపెట్టి కింది వీధిలో ముగిస్తే, మరోసారి కింది వీధిలో మొదలుపెట్టి మీది వీధిలో ముగించాలి. ఎవరి వీధిలో ముందు చాటితే వాళ్ళది ఊరు, రెండోసారి విన్నవాళ్ళది ఎంగిలి చాటింపు. ఆ మాట మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా పుట్టదు.

చెన్నప్ప ఊరి బయట ఉండేవాడు. రెండు వీధులకూ అతని గొంతు కావాలి, ఏ వీధి అరుగు మీదా అతను కూర్చోకూడదు. అతను తప్పెట సెగకు కాచి ఒక్క దెబ్బ వేస్తే లింగాలలో పసిబిడ్డలు ఉలిక్కిపడేవాళ్ళు. నేను పగిలిన నూనె డబ్బా మెడకు తగిలించుకొని ప్రతి చాటింపుకూ అతని వెనకాలే పోయేవాణ్ణి.

"ఏం సామీ, నా కొలువు నువ్వు గుంజుకుంటావా ఏంది?" అనేవాడు నవ్వుతూ.

"నువ్వు ముసలోనివైతే నేనే చాటుతా చెన్నప్పా."

"చాటుదువులే. గొంతు ఉంటే సాలదు సామీ, ఏ వీధి ముందో తలకాయలో ఉండాల."

ఆ సంవత్సరం మా అక్క రామలక్ష్మి ఏడో తరగతి పరీక్ష ఫస్టు క్లాసులో పాసైంది. ఆ ఫలితాలు చెన్నప్ప మీది వీధిలో మొదలుపెట్టి చాటాడు. అక్క పేరు వచ్చినప్పుడు తప్పెట మీద అదనంగా రెండు దెబ్బలు వేశాడు. పాసైతే అయింది గానీ, ఎనిమిది చదవాలంటే లింగాల పోవాలి. లింగాల బస్సు కింది వీధి ముందర ఆగుతుంది. ఆ దారిలో అంతకుముందు సంవత్సరమే ఇద్దరు బస్సు దిగి ఇల్లు చేరలేదు.

"ఊర్లో పెడితే సదువు, ల్యాకుంటే ల్యా. ఆడపిల్లని ఆ బస్సు యెక్కించి నేనీడ గొర్లు లెక్క పెట్టుకుంటా కూర్చోవాల్నా?" అన్నాడు మా నాయన. నాయన మాట నాపరాయి లాంటిది, పడితే వేళ్ళు పోవాల్సిందే.

సరిగ్గా అప్పుడే శేషయ్య సారు పులివెందుల నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. మా బడికి ఎనిమిదో తరగతి ఇస్తారట. ఒక్కటే షరతు. బడి తెరిచే రోజు ఆఫీసరు స్వయంగా వస్తాడు, ఎనిమిదికి ఇరవైమంది పిల్లలు కూర్చొని ఆయన కళ్ళకు కనబడాలి. ఏడు పాసై చదువు మానేసి గొర్ల వెంట, తోటల వెంట పోతున్న పిల్లలందర్నీ కూడగట్టినా మీది వీధికి పదకొండుమంది, కింది వీధికి పదిమంది. ఏ వీధికి ఆ వీధి చాలదు. దేవుడు లెక్క సరిగ్గా మా ఊరి కోసమే వేసినట్టు వేశాడు.

అక్క ఆ ఎండాకాలం చేసిన పని ఏ నాయకుడూ చేయలేదు. బోరింగు దగ్గర పొద్దున మీది వీధి ఆడవాళ్ళు, వాళ్ళు అయిపోయాక కింది వీధి ఆడవాళ్ళు పట్టుకునేవాళ్ళు. వీళ్ళు పోయి వాళ్ళు వచ్చే సందులో ఒక బిందె నిండేంత సేపు బోరింగు ఎవరిదీ కాదు. అక్క రోజూ తన ఆఖరు బిందెను ఆ సందు కోసం దాచుకునేది. బోరింగు కొడుతూనే అవతలి పిల్లలతో మాట్లాడేది.

"మ్మే, మీ అబ్బని అడిగితివా?"

"అడిగితి. బడి తెరిచేనాటికి ఊరు సల్లగుంటే పంపిస్తా అన్యాడు. మరి మీ నాయన?"

"మా నాయన ఊర్లో పెడితే పంపుతా అన్యాడు. నువ్వు రా, నేనూ వస్తా. ఇద్దరం ముందు బెంచీలో కూర్చుందాం."

అలా ఒక్కొక్క బిందెకూ ఒక్కొక్క పేరు పట్టింది. నెల తిరిగేసరికి ఇరవై ఒక్క పేర్లు. ఎనిమిదిలో ఆడపిల్లలు ఓణీ వేసుకోవాలి కాబట్టి అక్క, అమ్మ పాత చీర ఒకటి చించి అంచు కుట్టుకుంది. రోజుకు పదిసార్లు తీసి చూసుకొని మళ్ళీ మడత పెట్టేది. మడతలు పడీ పడీ అది కట్టకముందే పాతబడిపోయింది.

ఆ నెలలోనే పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా మీది వీధి పెద్దాయన గెలిచాడు. గెలుపుకు కోసిన పొట్టేళ్ళ నెత్తురుతో మా వీధి కాలువ ఎర్రబారింది, టపాకాయల పొగకు రెండు రోజులు సూర్యుడు కనబడలేదు. అయినా ఒక్క బాంబూ పేలలేదు. పోలీసులు బడి ఖాళీ చేసి పోయారు. శేషయ్య సారు నల్లబల్ల మీద పేకాట గీతలు చెరిపించి సున్నం కొట్టించాడు. అంతా అక్క అనుకున్నట్టే జరిగింది.

రేపు బడి అనగా చెన్నప్ప తప్పెట కాచుకున్నాడు. పోయినసారి మీది వీధి ముందు గనక ఈసారి వంతు కింది వీధిది. కల్లు మత్తో, ఎండ దెబ్బో తెలియదు, చెన్నప్ప తిన్నగా వచ్చి మా మీది వీధిలో మొదలుపెట్టాడు.

"ఇందుమూలంగా ఊరి పెజలందరికీ తెలియజేసేది ఏమనగా! రేపు పొద్దున బడి తెరుస్తాండారహో! ఎనిమిదో తరగతి గూడా పెడ్తాండారహో! ఏడు పాసైన మగపిల్లోళ్ళూ ఆడపిల్లోళ్ళూ అందరూ రావాలహో! ఆఫీసరు సారు వచ్చి సూస్తాడహో! బడి వరండాలో ఎనుముల్ని కట్టేయగూడదహో!"

ఆ చాటింపు కింది వీధికి చేరేసరికి వాళ్ళ పెద్దాయన గడప మీద నిలబడి ఉన్నాడు. "వాళ్ళు ఇని ఉమిసిన మాట మనం ఇనాల్నా? ఎంగిలి చాటింపుకి నా వీధి పిల్లోడు ఒక్కడు కదిల్నా కాళ్ళిరగ్గొడ్తా" అన్నాడు. ఓడిపోయిన మనిషి కోపానికి మందు లేదు కదా.

మర్నాడు పొద్దున మా పదకొండుమంది పోయి కూర్చున్నారు. ముందు బెంచీలో మా అక్క, ఓణీ కొంగు భుజం మీద నుంచి జారకుండా రెండు చేతులా పట్టుకొని, పక్కన ఒక మనిషి జాగా వదిలిపెట్టి. జీపు వచ్చింది. ఆఫీసరు ఉగ్గాని తిన్నాడు, బజ్జీ తిన్నాడు, మళ్ళీ ఉగ్గాని తిన్నాడు. శేషయ్య సారు కింది వీధి మొదట్లోకి పోయి చేతులు జోడించి వచ్చాడు, మళ్ళీ పోయాడు, మళ్ళీ వచ్చాడు. ఆ రోజు ఆయన తిరిగిన దూరానికి ప్రొద్దుటూరు పోయి ఉండొచ్చు. ఎండ వరండా దాటి బెంచీల కిందికి వచ్చింది.

"ఏమయ్యా, ఇరవై అన్నావ్?" అన్నాడు ఆఫీసరు.

"వస్తారు సార్. ఇంకొక్క గడియ."

"పదకొండుమందికి తరగతి ఇచ్చేదానికి నేనేమన్నా దానకర్ణుణ్ణా?"

మధ్యాహ్నానికి జీపు పోయింది. జీపుతో పాటు ఎనిమిదో తరగతి కూడా పోయి ఇంకో ఊళ్ళో దిగింది. అక్క మాత్రం సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూర్చుంది. శేషయ్య సారు వచ్చి "ఇంక పోమ్మా" అంటే లేచి, కూర్చున్న చోట దుమ్ము చేత్తో తుడిచి వచ్చింది. మర్నాడు గొర్ల వెంట పోయింది.

తప్పు ఎవరిది అంటే ఊరంతా ఒక్క గొంతుతో చెన్నప్పది అంది. మా ఊళ్ళో రెండు వీధులూ కలిసి ఒక్క మాట మీద నిలబడడం నా ఎరుకలో అదొక్కసారే. అతని తప్పెట చించారు. పెళ్ళాం బిడ్డల్ని తీసుకొని జమ్మలమడుగు దిక్కు నాపరాళ్ళ గనులకు పోయాడు. ఆ గొంతు ఆ రాళ్ళ ధూళిలో ఎన్నాళ్ళు నిలిచిందో తెలియదు. ఆ తర్వాత శేషయ్య సారు కూడా బదిలీ చేయించుకున్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఏముందని అడగండి. బోరింగు ఎండిపోయింది. పిల్లలు చాలరని బడి మూసేశారు, వరండాలో ఎనుముల్ని కట్టేస్తున్నారు, వద్దని చాటేవాడు లేడు. ఇద్దరు పెద్దాయనలూ పోయారు, వాళ్ళ కొడుకులు ఇద్దరూ ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు, ఒకే కారులో కడపకు పోతారు, వాళ్ళ మనవళ్ళు ఒకే కార్పొరేటు హాస్టల్లో ఒకే గదిలో పడుకుంటారు. పగ వాళ్ళకు అచ్చిరాలేదు, మాకు మిగిలింది. నలభై ఏళ్ళ కిందట ఎనిమిదో తరగతి కాని ఇరవై ఒక్కమందిలో ఇప్పటికి బతికున్న పద్దెనిమిదిమంది వేలిముద్రలు మాత్రం వేయరు, అంతవరకు ఏడో తరగతి పుణ్యం.

ఇక నేను ఎక్కడ ఊదానో చెప్పాలి. కొండచిలువ, పేలాలు, సూర్యుడు కనబడకపోవడం సంగతి మీకు ఎలాగూ తెలుసు. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. నేను కల్పించింది ఒక్కటే. వీధులు మార్చి రాశాను.

చెన్నప్ప తప్పలేదు. ఆ రోజు అతను కింది వీధిలోనే మొదలుపెట్టాడు, వంతు వాళ్ళదే. నూనె డబ్బా తగిలించుకొని నేను అతని వెనకాలే ఉన్నాను. కల్లు కూడా ఈ రాతలో నేను పోసిందే, అతను ఎన్నడూ ముట్టేవాడు కాదు. గడప మీద నిలబడి ఎంగిలి చాటింపు అన్నది మా మీది వీధి పెద్దాయన. గెలిచినవాడికి ఇంకా వంతులేమిటి అనుకున్నాడు. ఓడిన కోపానికి కాదు, గెలిచిన కొవ్వుకు మందు లేదు. మర్నాడు కింది వీధి పిల్లలు పదిమందీ తలలకు నూనె రాసుకొని వచ్చి కూర్చున్నారు. మా వీధి నుంచి ఒక్కరూ పోలేదు. మా నాయన గడపకు అడ్డంగా మంచం వేసుకొని పడుకున్నాడు. అక్క మిద్దె ఎక్కింది. మా మిద్దె మీది నుంచి బడి కిటికీలు కనబడేవి. ముందు బెంచీలో ఒక పిల్ల, పక్కన ఒక మనిషి జాగా వదిలిపెట్టి, జీపు పోయేదాకా అలాగే కూర్చుంది.

తరువాత మా పెద్దాయన పంచాయితీ పెట్టి "వంతు మాది, వాడు తప్పినాడు" అన్నాడు. శేషయ్య సారు తల వంచుకున్నాడు. కింది వీధివాళ్ళు ఓడి ఉన్నారు, మళ్ళీ బాంబులు ఎందుకని ఊరుకున్నారు. చెన్నప్ప అందరి మొహాలూ చూసి ఆఖరికి నా దగ్గరికి వచ్చాడు.

"పోయినసారి మీ వీధిలోనే కదా మొదలుపెట్టింది. మీ అక్క పాసైన పొద్దు. నువ్వు నా యెనకాలే ఉంటివి. నువ్వన్నా చెప్పు సామీ."

నేను మా నాయన వైపు చూశాను. చెప్పలేదు. ఆ తరువాత నలభై ఏళ్ళుగా హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో ఈ కథను మా వీధికి మచ్చ రాకుండా ఇలాగే తిప్పి చెప్పి నవ్వించాను.

ఈసారీ ముందు అలాగే రాసి అక్కకు చదివి వినిపించాను. ఆమె ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది, చాటలో విత్తనాల శనక్కాయలు వలుస్తూ వినింది. "అంతా మార్చి సరిగ్గా రాస్తాలే అక్కా" అన్నాను.

"చెన్నప్పది మటుకు మార్చు. ఆ పాపం మనకొద్దు" అంది. పొట్టు ఊది, చాట పక్కన పెట్టింది. "నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టినావు సూడు, సాయంత్రం దాకా. అది తీసెయ్యగాకు రా. ఉండనీ."

తీయలేదు.